తనంతట తాను మాట మార్చిన పోస్టరు

ఆ విభాగంలో ఆవిడను అసలు పేరుతో పిలిచేది జీతాల గుమాస్తా ఒక్కడే. మిగతా అందరికీ ఆవిడ మీటక్క. "ఫైళ్ళు ఇవ్వండి, మీట నొక్కుతాను, పోస్టరు వస్తుంది" అని ఆవిడ అనని రోజు లేదు. వెక్కిరింపుగా పుట్టిన పేరే. కానీ వెక్కిరించినవాళ్ళే తమ పనులు పట్టుకుని ఆవిడ బల్ల చుట్టూ తిరగడం మొదలయ్యాక అందులోని వెటకారం కాస్తా అరిగిపోయి, వట్టి పేరు మిగిలింది.

మాటనూ వినికిడినీ పరిశోధించే విభాగం అది. పొడవాటి వరండా, దానికి ఒకవైపు గదులు, రెండోవైపు గోడ. గోడ నిండా పాత సదస్సుల పోస్టర్లు. సదస్సు పోస్టరంటే, ఏడాదంతా చేసిన పరిశోధనను తలుపంత బట్ట మీదికి ఎక్కించి, పెద్ద హాల్లో తగిలించి, పక్కన నిలబడి వచ్చేపోయేవాళ్ళకు చెప్పుకోవడం. శాస్త్ర ప్రచారమని పెద్దలు దానికి పెద్ద పేర్లు పెడతారు గానీ, నిజానికది సంతలో కొట్టు పెట్టుకోవడం. ఆగినవాడు బేరం, ఆగనివాడు దారినపోయేవాడు.

మీటక్క చేరిన కొత్తలో ఈ పోస్టర్లను అందరూ స్లయిడ్లు చేసే సాఫ్ట్‌వేర్‌లోనే చేసేవారు. మౌస్‌తో ఒక పెట్టెను లాగడం, అది పక్క పెట్టె మీద ఎక్కడం, దాన్ని జరపడం, మూడోది కిందికి జారిపోవడం. సదస్సుకు వారం ముందు నుంచి విభాగమంతా ఒకటే హడావుడి, ఒకరి మీద ఒకరు విసుక్కోవడం. ఆఖరి నిమిషంలో ఎవరో ఒక అంకె మారుస్తారు. పట్టికలో మారుతుంది, పటంలో మారదు. ఒకసారి హాల్లో ఒక పెద్దమనిషి కళ్ళజోడు పైకి తోసి, "పైన చెప్పిన జనం వేరు, పట్టికలో వేరు, పటంలో వేరు. మీరు పరీక్షించింది ఎంతమందినండీ?" అని అడిగాడు. పోస్టరు పక్కన నిలబడ్డ కుర్ర పరిశోధకుడు వెనక్కి తిరిగి, ఆ మూడు అంకెల మీదా వేలు పెట్టి చూసుకోవడం మొదలుపెట్టాడు. డేటా సహాయకురాలిగా తోడు వెళ్ళిన మీటక్క ఆ రోజు పోస్టరు వెనక్కి వెళ్ళి నిలబడింది, ముఖం చూపించలేక.

తిరిగి వచ్చాక పట్టుబట్టి నేర్చుకుంది. స్టాటిస్టిక్స్ చదివిన మనిషి, కోడ్ రాయడం కొత్త కాదు. ఆవిడ పద్ధతి చెప్పుకుంటే ఇంతే. పోస్టరు ఒక మామూలు అక్షరాల ఫైలు. ఏ పెట్టె ఎంత వెడల్పు, ఏ శీర్షిక ఏ రంగు, అన్నీ అందులో వాక్యాల్లాగా రాసి ఉంటాయి. అంకె రావలసిన చోట అంకె రాయదు. "డేటా ఫైల్లోంచి లెక్కకట్టి ఇక్కడ పెట్టు" అని రాస్తుంది. పటమూ అంతే, పట్టికా అంతే. మీట నొక్కితే కంప్యూటరు మొదటి నుంచీ లెక్కలు కట్టి, పటాలు గీసి, ప్రింటుకు సిద్ధంగా ఉన్న పోస్టరును చేతిలో పెడుతుంది. డేటా మారితే పోస్టరంతా మారుతుంది. మారకపోతే, ఎవరు ఎక్కడ ఎన్నిసార్లు నొక్కినా అదే పోస్టరు.

ఈ చాదస్తం ఇంట్లో కూడా ఒకరు భరిస్తున్నారు. ఆవిడ భర్తది ఫ్లెక్సీలు, బ్యానర్లు వేసే షాపు. కింద షాపు, పైన ఇల్లు. అసలు వాళ్ళిద్దరి పరిచయమే ఒక పోస్టరు ప్రింటు దగ్గర. ఆయన అంచు కాస్త కత్తిరించాడు, ఈవిడ ఒప్పుకోలేదు, మళ్ళీ వేయించింది. పెళ్ళయ్యాక కూడా ఆ గొడవ తీరలేదు. ఆయనకు ఏదైనా చేత్తో జరిపితేనే తృప్తి. "కొంచెం ఎడమకి జరిపితే పోయేదానికి ఇన్ని లైన్ల కోడా?" అంటాడు. "ఎందుకు జరిపారో రేపు గుర్తుంటుందా?" అంటుంది ఈవిడ. "నాకు నువ్వు గుర్తుంటే చాల్లే" అని ఆయన తప్పించుకుంటాడు.

ఆడపడుచు కూడా వాళ్ళతోనే ఉంటుంది, అదే విభాగంలో పరిశోధన విద్యార్థిని. ఆమెది తేలికగా అర్థమయ్యే ప్రశ్న: బడి గదుల పైకప్పులకు శబ్దాన్ని పీల్చుకునే మెత్తటి పలకలు అతికిస్తే, సాయంత్రానికి టీచర్ల గొంతు బొంగురుపోవడం తగ్గుతుందా? బడులన్నీ తిరిగింది, టీచర్ల కాలర్లకు మైకులు తగిలించింది, పలకలకు ముందూ తరవాతా గొంతులు రికార్డు చేసింది. తగ్గిందనే తేలింది. సదస్సువాళ్ళు పోస్టరును ఒప్పుకున్నారు. ఆమె జీవితంలో మొదటి సదస్సు. దీని ఆధారంగానే ఆమెకు పరిశోధన కొనసాగించే అవకాశం ఉంటుందో ఊడుతుందో తేలుతుంది.

పోస్టరు పేరు మాత్రం పెద్దసారు పెట్టారు. పెద్దసారంటే విభాగాధిపతి. ఆయనకు పేర్లు పెట్టడం సరదా, నిజానికి బాగానే పెడతారు. "మెత్తని పైకప్పు, అలసట లేని గొంతు" అన్నారు. అది లెక్కల్లోంచి వచ్చే సరుకు కాదు కనుక మీటక్క దాన్ని యథాతథంగా టైపు చేసింది. మిగతాదంతా తన పద్ధతిలోనే. ఆఖరికి చివరి పెట్టెలోని తీర్పు వాక్యాన్ని కూడా వదల్లేదు. మూడు వాక్యాలు రాసి పెట్టింది: తగ్గింది, పెరిగింది, తేడా లేదు. లెక్క ఎటు తేలితే కంప్యూటరు ఆ వాక్యాన్ని ఎంచుకుంటుంది. "తీర్పు కూడా నేను రాయను, డేటానే రాసుకుంటుంది" అని ఆ వారమంతా కనిపించిన వాళ్ళందరికీ చెప్పింది. వినలేక ఒకరిద్దరు ఆవిడను చూడగానే ఫోను చెవికి పెట్టుకునేవారు.

సదస్సుకు ముందురోజు మధ్యాహ్నం, షాపులో అప్పుడే ప్రింటయిన పోస్టరును కడ్డీకి వేలాడదీశారు. బట్ట ఇంకా వెచ్చగా ఉంది. ఆడపడుచు దాని ముందు నిలబడి, వదిన ఎదుట రిహార్సల్ మొదలుపెట్టింది.

"నమస్కారమండీ, మా పరిశోధన..."

"నమస్కారాలు పెడుతూ కూర్చుంటే పక్క పోస్టరుకి పోతారే పిల్లా. సూటిగా విషయంలోకి రా."

"టీచర్ల గొంతు ఎందుకు పోతుంది? గదిలో గోల ఎక్కువైతే వాళ్ళూ గొంతు పెంచుతారు గనక."

"ఊఁ, బావుంది. కానీ చేతులు కట్టుకోకు, తప్పు చేసి నిలబడ్డట్టుంది."

ఆడపడుచు చేతులు విడదీసి, పటాలన్నీ వివరించి, చివరికి వెనక్కి తిరగకుండానే ధీమాగా చేయి చాపి అడుగునున్న పెద్ద పెట్టె మీద వేలు పెట్టింది. "కాబట్టి తేలిందేమిటంటే, పలకలు వేశాక గొంతు బొంగురు స్పష్టంగా తగ్గింది."

మీటక్క ఆ వేలి వంక చూసింది. వేలి కింద ఉన్న అక్షరాల వంక చూసింది.

"మళ్ళీ చెప్పు."

"స్పష్టంగా తగ్గింది."

"వెనక్కి తిరిగి చదువు."

ఆ పిల్ల తిరిగి చదివింది. "పలకలకు ముందు గొంతుకూ తరవాతి గొంతుకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు." చదివి, మొదటిసారి చదివింది వేరే ఎవరి పోస్టరో అన్నట్టు మళ్ళీ చదివింది.

కౌంటరు వెనక నుంచి భర్త తల ఎత్తాడు. "ఏమైంది? ఇంకు సరిగ్గా పడలేదా?"

"ఇంకు బాగానే పడిందండీ. మాటే తిరగబడింది."

"అంటే మీ పోస్టరు తనంతట తానే మాట మార్చిందా? నా కస్టమర్లే నయం. వాళ్ళు మాట మార్చినా నోటితో చెప్పి మారుస్తారు."

మీటక్కకు నవ్వు రాలేదు. పైన బారెడు అక్షరాల్లో "అలసట లేని గొంతు". కింద పెట్టెలో "తేడా కనిపించలేదు". తల ఒకటి చెబుతుంటే కాళ్ళు ఇంకోటి చెబుతున్న పోస్టరు. అక్కడే లాప్‌టాప్ తెరిచి లెక్క మళ్ళీ కట్టింది. కోడ్‌లో దోషం దొరుకుతుందనే ఆశతో కట్టింది. దోషం లేదు. లెక్క సరైనదే.

"డేటా ఫైలు ఎవరు ముట్టుకున్నారు?"

"నేనే వదినా, మొన్న," అంది ఆడపడుచు. గొంతు సగానికి దిగిపోయింది. "మూడో బడిలో పలకలకు ముందు మైకు ఒక సెట్టింగులో ఉంది, తరవాత ఇంకో సెట్టింగులో ఉంది. నోట్సు చూస్తుంటే బయటపడింది. దాని ప్రకారం అంకెలు సరిచేసి పెట్టేశా."

"నాకు చెప్పొద్దూ?"

"నువ్వేగా అన్నావు! ఫైలు సరిచేసి పడేయండి, ఎవరికీ చెప్పక్కర్లేదు, మిగతాది పోస్టరే చూసుకుంటుందని. గోడకి కూడా అంటించావు, టీ కెటిల్ పైన."

అంటించిన మాట నిజం. పోస్టరు చూసుకున్న మాటా నిజం. చూసుకోనిది మీటక్క ఒక్కతే. ఆ పొద్దున మీట నొక్కాక ఆవిడ అంచులు చూసింది, రంగులు చూసింది, పటాలు పెట్టెల్లో ఇమిడాయా లేదా చూసింది. వాక్యాలు చదవలేదు. తను రాసినవే కదా, చదవడమెందుకని. ఆ మూడు వాక్యాల్లో ఏది బయటికి వచ్చిందో చూడాలన్న ఆలోచన కూడా రాలేదు, ఎందుకంటే ఏది రావాలో ఆవిడ మనసులో ముందే రాసిపెట్టుకుంది. చేత్తో జరిపేవాళ్ళు ఈ తప్పు చేయలేరు. జరిపేటప్పుడైనా వాళ్ళ కళ్ళు అక్షరాల మీద పడతాయి.

"ఇప్పుడెలా వదినా? పెద్దసారు చూస్తే పోస్టరే వెనక్కి తీసుకోమంటారు."

"చూస్తే అనేంత దూరం ఎందుకు? మనమే చూపిద్దాం. పద."

పెద్దసారు గదిలో కాగితాల కన్నా జ్ఞాపికలు ఎక్కువ. మీటక్క లాప్‌టాప్ ఆయన ముందు పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పింది. తను చదవకుండా ప్రింటుకిచ్చిన సంగతి కూడా, ఏడుపు ముఖం పెట్టకుండా. ఆయన విని, కుర్చీలో వెనక్కి వాలారు.

"దీనికింత కంగారెందుకమ్మా? గతవారం పోస్టరు బావుందిగా. అది మళ్ళీ నొక్కు. ఎప్పటిది కావాలంటే అప్పటిది, అక్షరం తేడా లేకుండా వస్తుందని నువ్వేగా అందరి చెవులూ తినేశావు?"

తన గొప్పను తనకే తిప్పి కొట్టారు. వస్తుంది కూడా. పాత డేటాతో, పాత వాక్యంతో, అచ్చుగుద్దినట్టు వస్తుంది. పద్ధతికి మంచీచెడూ తెలియదు. తప్పును కూడా ఎన్నిసార్లయినా తుచ తప్పకుండా తయారుచేసి పెడుతుంది. మీటక్కకు ఆ క్షణంలో సత్యం గురించి ఉపన్యాసం ఇవ్వాలనిపించలేదు. ఇచ్చినా ఆయన వినే రకం కాదు, ఆయన అలాంటివి ప్రతి ఏడాదీ కొత్త విద్యార్థులకు స్వయంగా ఇస్తారు.

"నొక్కితే వస్తుంది సార్. కాకపోతే పోస్టరు మూలన ఈ గళ్ళ బొమ్మ ఉంది చూశారా? ఫోను చూపిస్తే మా ఫైళ్ళన్నీ తెరుచుకుంటాయి. మూడో బడి అంకెలు ఎప్పుడు మారాయో, ఎవరు మార్చారో, ఎందుకు మార్చారో అందులో ఉంటుంది. హాల్లో ఎవడో ఒకడు ఫోను చూపిస్తాడు."

"ఆ బొమ్మ తీసెయ్."

"తీసేయొచ్చు."

"మరి?"

అప్పుడు ఆడపడుచు నోరు విప్పింది. "దాని పక్కన నేను నిలబడలేను సార్. ఎవరైనా మూడో బడి గురించి అడిగితే నా ముఖమే చెప్పేస్తుంది. నాకు అబద్ధం అతకదు, చిన్నప్పట్నుంచీ అంతే. కావాలంటే మా వదిన్ని అడగండి."

"అవును సార్, చాలా దరిద్రంగా ఆడుతుంది," అంది మీటక్క.

పెద్దసారుకు ఒళ్ళు మండింది. "అయితే మీ ఇష్టం. తేడా లేదు అని చెప్పుకోవడానికి సదస్సు దాకా పోవాలా? పోండి. నా పేరు మాత్రం అందులో ఉండకూడదు. తీసెయ్, ఇప్పుడే, నా ఎదురుగా."

ఆడపడుచు వదిన వంక చూసింది. విభాగాధిపతి పేరు లేని విద్యార్థి పోస్టరును హాలు గుమ్మం దగ్గరే అనుమానంగా చూస్తారు. మీటక్క లాప్‌టాప్ తనవైపు తిప్పుకుంది. ఫైల్లో ఆయన పేరున్న లైను తీసేసింది. మీట నొక్కింది. కాసేపటికి కొత్త పోస్టరు తెర మీదికి వచ్చింది. లాప్‌టాప్ ఆయన వైపు తిప్పింది.

ఆయన చూశారు. దగ్గరికి జరిగి మళ్ళీ చూశారు.

"ఎక్కడ తీశావు?"

"ఇక్కడ సార్, పేర్ల వరసలో."

"ఖాళీ ఏదీ?"

"ఉండదు సార్. ఒకరు పోతే ఉన్నవాళ్ళు మధ్యకి సర్దుకుంటారు. దానంతటదే."

"అసలు తెలియనే తెలియడం లేదే."

"తెలియకుండానే రాశాను సార్, అది."

ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకున్నారు. ఆయన కాలంలో పేరు తీస్తే పన్ను ఊడినట్టు అక్కడ బోసిగా కనబడేది. ఎవరో అలిగి వెళ్ళిపోయారని చూసేవాళ్ళకు తెలిసేది. ఇక్కడ అలిగిన ఆనవాలు కూడా లేదు. తన పేరు కోసం వెతుకుతున్నట్టు ఆయన పోస్టరు పై నుంచి కిందికి చదవడం మొదలుపెట్టారు. బహుశా మొదటిసారి. ఇప్పటిదాకా ఆయన చదివింది తను పెట్టిన శీర్షికనే.

చదువుతూ మూడో బడి పటం దగ్గర ఆగారు. "ఇదేంటి, ఈ ఒక్క బడి అంకెలు సరిచేస్తేనే మొత్తం తేడా పోయిందా?"

"అవును సార్," అంది ఆడపడుచు. "మిగతా బడుల్లో మొదట్నుంచీ పెద్దగా ఏమీ లేదు. సగటును లాగింది ఇదొక్కటే."

"మైకు సెట్టింగు ఒక్కదాని వల్ల?"

"అవును సార్."

"ఈ మైకు ఎవరెవరు వాడుతున్నారో తెలుసా? సగం ప్రపంచం." ఆయన గొంతులో కోపం పోయి ఇంకేదో వచ్చింది. పాతికేళ్ళ క్రితం ఈ గదికీ జ్ఞాపికలకూ ముందు ఆయనలో ఉన్నదేదో. "సరిచేయక ముందు పటం, సరిచేశాక పటం, రెండూ పక్కపక్కన పెట్టండి. పలకల సంగతి తరవాత. అసలు కథ ఇది." బల్ల మీద వేలితో కొట్టారు. "పేరు మార్చండి. 'గొంతు మారిందా, మైకు మారిందా?' అని పెట్టండి."

పేరు బాగానే ఉంది. ఆ మాట మీటక్క పైకి కూడా అంది.

"మరి పేర్ల వరసో సార్?" అని అడిగింది అమాయకంగా.

"ఆఁ, పెట్టు పెట్టు. చివర్లోనే పెట్టు," అన్నారాయన, కిటికీలోకి చూస్తూ.

షాపుకు వచ్చేసరికి భర్త మిషను ఆపకుండానే ఉంచాడు. "పెద్దసారు మాట మార్చారా, మీరు మార్చారా?" అన్నాడు.

"ఇద్దరం కాదు, పేరు మారింది. బట్ట ఎక్కించండి."

"ఈసారైనా చదివావా?"

చదివింది. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా, ఆడపడుచుతో పైకి చదివించి మరీ విన్నది. అది కాక ఫైల్లో కొత్తగా రెండు లైన్లు చేర్చింది: తీర్పు వాక్యం క్రితంసారి దానికన్నా వేరుగా వస్తే, పోస్టరు తయారు చేయకుండా ఆగి, ఎర్ర అక్షరాల్లో అడగమని. గోడ మీది కాగితాన్ని మర్నాడు పొద్దున్నే, సదస్సుకు బయల్దేరే ముందు చింపి, "ఫైలు సరిచేయండి, నాకూ చెప్పండి" అని కొత్తది అంటించింది. రాసిన చేతిరాత మాత్రం అదే పొగరుతో ఉంది.

సదస్సు హాలు పెద్ద గోదాములాగా ఉంది. వరసలు వరసలుగా పోస్టర్లు, మధ్య సందుల్లో మెడలో బిళ్ళలు వేసుకున్న జనం. ఆడపడుచు పోస్టరు ముందు మొదటి పావుగంట ఎవరూ ఆగలేదు. తరవాత ఒకాయన శీర్షిక చదివి రెండడుగులు దాటిపోయి, ఆగి, వెనక్కి వచ్చాడు. మరో విశ్వవిద్యాలయంలో గొంతు జబ్బుల వైద్యుడు.

"ఈ మైకు మేమూ వాడుతున్నామండీ. ఏ సెట్టింగు?"

ఆడపడుచు చూపించింది. చేతులు కట్టుకోలేదు. నమస్కారం పెట్టలేదు. ఆయన ఫోను తీసి గళ్ళ బొమ్మకు చూపించాడు, ఏదో చదివాడు, ముఖం చిట్లించాడు, ఇంకొకరిని పిలిచాడు. ఆ ఇంకొకరు మరో ఇద్దరిని పిలిచారు. మధ్యాహ్నానికి ఆ పోస్టరు ముందు సందు మూసుకుపోయింది. పెద్దసారు కూడా వచ్చి, గుంపు చివర్న నిలబడి, పక్కవాళ్ళతో "నాకు మొదట్నుంచీ ఆ మూడో బడి మీద అనుమానమే" అంటున్నారు. ఆ మాట మీటక్కకూ వినబడింది. ఆయన అనుమానం ఏ ఫైల్లోనూ నమోదు కాలేదు, అయినా దానివల్ల ఎవరికీ నష్టం లేదు.

సాయంత్రం పోస్టరు చుట్టబెడుతుండగా ఆ వైద్యుడు చేతిలో లాప్‌టాప్ తెరిచి పట్టుకుని మళ్ళీ వచ్చాడు.

"మీ ఫైళ్ళు దింపుకుని నేనే మీట నొక్కాను," అన్నాడు ఆడపడుచుతో. "అంకెలన్నీ సరిపోయాయి. పటాలూ అవే. తీర్పు కూడా అదే వచ్చింది. వచ్చే నెల మా దగ్గర ఒకసారి మాట్లాడతారా?"

ఆడపడుచు "తప్పకుండానండీ" అని గబగబా తల ఊపింది.

"కాకపోతే ఒక్కటి," అని ఆయన తెర తిప్పాడు. "అక్షరాలు ఇలా పక్కకి జరిగాయేమిటి?"

మీటక్క వంగి చూసింది. ఆయన కంప్యూటర్లో ఆవిడ వాడిన అక్షరాల ఫాంటు లేదు. దాని బదులు వేరేది వచ్చి కూర్చుని, శీర్షిక రెండో వరసలోకి జారింది. ఎక్కడ నొక్కినా అదే పోస్టరు రావాలి. రాలేదు.

"ఫాంటు కూడా ఫైళ్ళలోనే పెట్టాల్సింది, నాదే తప్పు," అంది. "మీరు తొందర్లో ఉన్నారా?"

"లేదండీ."

"అయితే కూర్చోండి," అని చుట్టిన పోస్టరును ఆడపడుచు చేతికిచ్చి, పక్కనున్న ఖాళీ కుర్చీ లాక్కుని, మీటక్క లాప్‌టాప్ తెరిచింది.